రింగు రోడ్డు గీత మీ భూమి మీదుగా పోతోందా? చూసుకోవడం ఎలా, తర్వాత ఏం చేయాలి

"అన్నా, ఈ మ్యాప్‌ల మా ఊరు ఉందా?" వారానికి నాలుగైదుసార్లు ఇదే ప్రశ్న. కింద ఒక ఫోటో. ఎర్ర గీత, చుట్టూ మసకబారిన ఊళ్ల పేర్లు. ఎంతమంది చేతులు మారి వచ్చిందో, చౌటుప్పల్ అన్న మాట కూడా సరిగా కనపడదు. హైదరాబాద్ రీజినల్ రింగ్ రోడ్డు మాట వచ్చినప్పటి నుంచి సంగారెడ్డి, గజ్వేల్, భువనగిరి, ఆమనగల్లు, షాద్‌నగర్ వైపు నుంచి ఇవే అడుగుతున్నారు. ఇప్పుడు అమరావతి ఓఆర్ఆర్ (ఔటర్ రింగు రోడ్డు) పుణ్యమా అని కృష్ణా, గుంటూరు, పల్నాడు వైపు నుంచి కూడా మొదలయ్యాయి. విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒక్కచోట రాసి పెడుతున్నాను. సర్వే పనిలో ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి కొలతల దగ్గర కొంచెం ఎక్కువ ఆగుతాను, ఓపిక పట్టండి.

ముందు ఒక్క మాట తెలుసుకుంటే చాలు. రింగు రోడ్డుకు మొదట మూడు నాలుగు గీతలు గీస్తారు. చెరువులు, రిజర్వు అడవి, ఊళ్లు, పెద్ద గుట్టలు తప్పించుకుంటూ, ఖర్చు చూసుకుంటూ ఒకటి ఖరారు చేస్తారు. తర్వాత డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక), రాళ్లు పాతడం, ఆ తర్వాతే గెజిట్. గెజిట్‌లో మీ సర్వే నంబరు పడేదాకా గీత ఎటైనా జరగవచ్చు. పడ్డాక జరగడం చాలా కష్టం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పట్టాదారు పాసుపుస్తకం, తాజా పహాణీ. ఆంధ్రాలో అయితే అడంగల్, 1-బి.
- గ్రామ నక్షా, మీ సర్వే నంబరు టీపన్ (కొలతలతో ఉన్న పటం) నకలు. ఆంధ్రాలో ఎఫ్ఎంబీ.
- ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం). మీ ఊళ్లో, పక్క ఊళ్లో గత మూడేళ్లలో జరిగిన అమ్మకం దస్తావేజుల వివరాలు కూడా దొరికితే మంచిది. ఇవి ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.
- పొడవాటి టేపు, ఫోన్, ఒక నోటుబుక్కు. ఎవరిని ఏ తేదీన కలిశారో, ఏం ఇచ్చారో రాసుకోవడానికి.

1. ఏ దశలో ఉందో ముందు తేల్చుకోండి

ఊళ్లో అందరూ "నోటిఫికేషన్ వచ్చిందంట" అంటారు. ఏ నోటిఫికేషన్? అదే అసలు ప్రశ్న. జాతీయ రహదారిగా కడుతుంటే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద నడుస్తుంది. అందులో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్లు మూడు. 3ఏ అంటే "ఈ భూములు తీసుకోవాలనుకుంటున్నాం" అని చెప్పడం. 3డీ అంటే తీసుకున్నట్టు ప్రకటన. ఆ రోజుతో భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. 3జీ అంటే పరిహారం లెక్క. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ 3ఏ చెల్లదు. కోర్టు స్టే ఉన్న కాలాన్ని మాత్రం ఆ ఏడాదిలో లెక్కపెట్టరు.

రాష్ట్రమే 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే అక్కడ సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్, సెక్షన్ 19 ప్రకటన అని వస్తాయి. పేర్లు వేరు, వరుస దాదాపు అదే.

ఈ రెండూ కానివి కూడా వస్తుంటాయి. రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగానికి 2025లో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) సర్వే నంబర్ల జాబితా పెట్టి అభ్యంతరాలు అడిగింది. అది 3ఏ కాదు. అలాగని పక్కన పడేసేదీ కాదు. గీత ఇంకా మెత్తగా ఉన్నప్పుడు చెప్పిన మాటకే విలువ ఎక్కువ.

2. గీత దగ్గరో దూరమో ఉజ్జాయింపుగా చూడండి

పేపర్లో, వాట్సాప్‌లో వచ్చే మ్యాపు ఎంత పెద్దదైనా అది ఊళ్ల స్థాయి మ్యాపే. 1:50,000 స్కేలు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. అంటే 100 మీటర్ల రోడ్డంతా రెండు మిల్లీమీటర్లు. లావు పెన్ను గీతే అంత మందం ఉంటుంది. ఆ మ్యాపు చూసి "మా బావి పోతుంది, మా అన్న బావి పోదు" అని చెప్పడం ఎవరి వల్లా కాదు. అలా చెప్పేవాడు చాలాసార్లు మీ భూమి చవగ్గా కొనడానికి వచ్చినవాడై ఉంటాడు.

గూగుల్ ఎర్త్‌లో తెరిచే కేఎంఎల్ ఫైళ్లు కూడా తిరుగుతుంటాయి. చూడండి, తప్పు లేదు. కానీ ఆ ఫైలు ఏ గీతది? ఖరారైన దానిదా, పక్కన పెట్టేసిన మూడో ప్రత్యామ్నాయానిదా? ఫైలులో అది రాసి ఉండదు. పైగా పొలంలో నిలబడి ఫోన్ చూస్తే ఐదు పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మీ పొలం గీతకు అర కిలోమీటరులోపు ఉందనిపిస్తే తర్వాతి మెట్టుకు పోండి. రెండు కిలోమీటర్ల అవతల ఉంటే ఈసారికి నిద్రపోండి.

పెద్ద రోడ్లు అడ్డంగా దాటే చోట మాత్రం లెక్క వేరు. అక్కడ ఇంటర్‌చేంజ్ వస్తుంది. మలుపుల రోడ్లు చెవి ఆకారంలో తిరుగుతాయి కాబట్టి గీతకు దూరంగా ఉన్న భూమి కూడా పదుల ఎకరాలు లోపలికి పోతుంది.

3. రాళ్లు చూసి మోసపోకండి

కన్సల్టెన్సీ వాళ్లు వచ్చి రంగు వేసిన రాళ్లు పాతుతారు. మొదట పాతేవి చాలాసార్లు మధ్య గీత రాళ్లు. ఇక్కడే అందరూ పొరబడతారు. పొలం మూలలో రాయి చూసి "మూలే కదా పోయేది" అనుకుంటారు. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం వెడల్పు 100 మీటర్లు. అంటే ఆ రాయి నుంచి అటు 50, ఇటు 50. అమరావతి ఓఆర్ఆర్‌కు చెప్పిన వెడల్పు 140 మీటర్లు. అంటే అటు 70, ఇటు 70.

సరిచూసుకునే పద్ధతి: ఒకే వరుసలో ఉన్న రెండు రాళ్లను చూడండి. వాటి మధ్య తాడు లాగండి. ఆ తాడుకు నిలువుగా, అంటే మూలమట్టంగా 50 మీటర్లు టేపు వేయండి. చాలామంది గట్టు వెంబడి కొలుస్తారు. గట్టు వంకరగా ఉంటే రోడ్డు అంచు అసలు చోటు కంటే దగ్గర్లోనే ఉన్నట్టు తేలుతుంది, పది పదిహేను మీటర్ల తేడా వస్తుంది. రాయి మీద రాసిన అంకెలు చైనేజీ, మొదటి నుంచి ఎన్నో కిలోమీటరో చెబుతాయి. అది రాసుకోండి. అభ్యంతరంలో పనికొస్తుంది.

రాళ్లు పీకేయకండి. పీకితే గీత మారదు, మీ దగ్గర ఉన్న ఒక్క కొలతా పోతుంది. ఫోటో తీసి పెట్టుకోండి.

4. గెజిట్ చదవడం

కేంద్ర గెజిట్ వెబ్‌సైట్‌లో 3ఏ, 3డీ రెండూ దొరుకుతాయి. భూమిరాశి పోర్టల్ కూడా అందుకే పెట్టారు. 3ఏ సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మీ జిల్లాకు ఎవరిని భూసేకరణ అధికారిగా నియమించారో అదే నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఆఫీసుల్లో "కాలా" అంటారు. చాలాచోట్ల ఆర్డీవోనో, అదనపు కలెక్టరో, జాయింట్ కలెక్టరో ఆ పని చూస్తారు.

పట్టికలో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, భూమి రకం, విస్తీర్ణం ఉంటాయి. ఇక్కడ మూడు పొరపాట్లు మళ్లీ మళ్లీ చూస్తుంటాను.

మొదటిది, విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది. ఒకాయన 0.2529 అని చూసి "పావు ఎకరం, పది గుంటలు" అనుకుని ఊరుకున్నాడు. అది హెక్టార్లు. ఎకరాల్లోకి మార్చాలంటే 2.471తో గుణించాలి. ఆయనది పది గుంటలు కాదు, ఇరవై ఐదు గుంటలు. గుర్తుకు: 0.4047 హెక్టారు ఒక ఎకరం. ఒక గుంట 101 చదరపు మీటర్లు. ఒక సెంటు 40 చదరపు మీటర్ల పైచిలుకు.

రెండోది, ఊరి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగుతో వెతికి "మా ఊరు లేదు" అనుకోవడం. రెవెన్యూ గ్రామం పేరు వేరు, మనం పిలుచుకునే పేరు వేరు. తండాలు, మదిర గ్రామాల వాళ్లకు ఇది మరీ ఎక్కువ. పాసుపుస్తకంలో ఉన్న రెవెన్యూ గ్రామం పేరుతోనే చూడండి.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. సర్వే నంబరు పక్కన "పి" అని ఉంటుంది, అంటే ఆ నంబరులో కొంత భాగం. ఎవరి భాగం? తెలంగాణలో ఒక్క సర్వే నంబరులో అ, ఆ, ఇ, ఈ అంటూ పదిమంది పట్టాదారులు ఉంటారు. కాగితం మీద విస్తీర్ణాలు ఉంటాయి కానీ నేల మీద ఎవరి ముక్క ఎక్కడో చూపే పటం ఉండదు. అన్నదమ్ములు మాట మీద పంచుకున్నదే హద్దు. రోడ్డు తూర్పు వైపు నుంచి పోతుంటే తూర్పున దున్నుకునేవాడి భూమి పోతుంది. కానీ గెజిట్‌లో పడమటివాడి బై నంబరు పడవచ్చు. అప్పుడు డబ్బు ఒకరికి, భూమి పోయేది ఇంకొకరికి. ఊళ్లలో రింగు రోడ్డు తెచ్చే అసలు గొడవ ప్రభుత్వంతో కాదు, ఇంట్లోనే. 3ఏ రాకముందే ఆ సర్వే నంబరులోని వాళ్లంతా ఒకచోట కూర్చుని, ఎవరు ఎక్కడ సాగు చేస్తున్నారో టీపన్ నకలు మీద గీసి, అందరూ సంతకాలు పెట్టుకోండి. తెల్లకాగితం మీదైనా సరే. జాయింట్ సర్వే (అధికారులంతా కలిసి పొలంలోకి వచ్చి కొలిచే) రోజు మీ చేతిలో ఉండే గట్టి ఆధారం అదే.

5. 21 రోజులు: అభ్యంతరం రాయడం

3ఏ గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచి 21 రోజులు. పేపర్లో ప్రకటన ఆలస్యంగా పడినా మీరు గెజిట్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. 2013 చట్టం కింద అయితే 60 రోజులు.

సమాచార హక్కు కింద వివరాలు అడిగి, జవాబు వచ్చాక రాద్దామని చాలామంది ఆగుతారు. ఆ జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. అప్పటికి మీ 21 రోజులు దాటిపోతాయి. ఆ దరఖాస్తు పెట్టాలంటే 3ఏ రాకముందే పెట్టాలి.

"భూమి ఇచ్చేది లేదు" అని ఊరంతా ఒకే జిరాక్స్ మీద సంతకాలు పెట్టి ఇస్తారు. పోరాటంగా దానికి విలువ ఉండవచ్చు. మీ ముక్కకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. విడిగా ఇంకొకటి ఇవ్వండి. అందులో ఇలాంటివి ఉండాలి:

- విస్తీర్ణం తప్పు, సర్వే నంబరు తప్పు, భూమి రకం తప్పు. తరి (నీరు పారే) పొలాన్ని ఖుష్కిగా (మెట్టగా) రాయడం సర్వసాధారణం.
- జాబితాలో లేని బోరు, బావి, ఇల్లు, కోళ్ల షెడ్డు, మామిడి తోట, పైపులైను. ఒక్కోదానికి ఫోటో, కరెంటు బిల్లు.
- పొలం రెండు ముక్కలైతే అది. బోరు ఇటు, మడి అటు. రింగు రోడ్డు మీదికి పొలంలోంచి నేరుగా ఎక్కనివ్వరు, దాటనివ్వరు. అండర్‌పాసు ఎన్నో చైనేజీ దగ్గర కావాలో రాయండి. పైపు దాటడానికి తూము అడగండి.
- గీత అడ్డం పడే వాగు, చెరువు కాలువ, శ్మశానం. వాగు మూసుకుపోతే ఎవరి పొలాలు మునుగుతాయో సర్వే నంబర్లతో చెప్పండి.

గీతే జరపమని అడుగుతుంటే ఎటు, ఎంత, అక్కడ ఏముందో చూపించండి. "పక్కన ప్రభుత్వ భూమి ఉంది" అంటే దాని సర్వే నంబరు వేయాలి. వంపు ఒక్కచోట మార్చాలంటే వేగంగా పోయే రోడ్డుకు ముందూ వెనకా కిలోమీటర్ల కొద్దీ మార్చాలి. అందుకే ఒక్క రైతు కోసం గీత జరగడం అరుదు, అండర్‌పాసు కోసం అడిగితే మాత్రం చాలాసార్లు పని జరుగుతుంది.

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. విచారణకు పిలవాలని చట్టంలోనే ఉంది. మీరే పోవచ్చు, వకీలునూ పంపవచ్చు.

6. జాయింట్ సర్వే రోజు

ఆ రోజు ఊళ్లో లేకపోవడమంత పెద్ద తప్పు ఇంకోటి లేదు. దుబాయిలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా, ఆ రోజుకు మీ తరఫున ఎవరో ఒకరు పొలంలో నిలబడాలి. జీపీఏ (మీ తరఫున పని చేసే అధికారపత్రం) ముందే పంపి పెట్టుకోండి.

చెట్లు మీరే లెక్కపెట్టి, రకం, వయసు రాసి, ఆ కాగితం సర్వేయర్ చేతిలో పెట్టండి. వాళ్లు రాసుకున్నది మీ ముందే చదివించుకోండి. పంచనామాలో ఖాళీలు ఉంటే సంతకం పెట్టకండి. తేడా ఉంటే సంతకం పైనే "ఇన్ని చెట్లు లెక్కలో రాలేదు" అని రాసి పెట్టండి. సంతకం చేయనని అలిగి వెళ్లిపోతే వాళ్లు రాసిందే మిగులుతుంది.

తండ్రి చనిపోయినా పట్టా ఆయన పేరు మీదే ఉందా? ఫౌతి (వారసుల పేరు మీదికి పట్టా మార్పిడి) ఇప్పుడే చేయించండి. 3డీలో సాధారణంగా పేర్లు కూడా వస్తాయి. చనిపోయినవారి పేరు వస్తే వారసులు తేలేదాకా డబ్బు ఆగుతుంది, గొడవ ముదిరితే సివిల్ కోర్టుకు పోతుంది. సాదాబైనామా (రిజిస్టర్ కాని తెల్లకాగితం కొనుగోలు) మీద సాగు చేసుకునేవాళ్లు, కౌలుదార్లు కూడా తమ హక్కు ఏమిటో అధికారికి రాసి ఇవ్వాలి. అసైన్డ్ భూమికి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినదానికి) ఏమీ రాదని బెదిరించేవాళ్లను నమ్మకండి. పట్టా భూమితో సమానంగా ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది.

7. పరిహారం మీరే లెక్కవేసుకోండి

చట్టం జాతీయ రహదారులదే అయినా, 2015 నుంచి లెక్క మాత్రం 2013 చట్టం ప్రకారమే.

మార్కెట్ విలువగా రిజిస్ట్రేషన్ విలువ, లేదా దగ్గర్లో అలాంటి భూమికి గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల సగటు, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. ఆ సగటు కూడా అన్ని దస్తావేజులది కాదు, ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజులది. దస్తావేజులు వెతకమన్నది అందుకే. మన దగ్గర అందరూ స్టాంపు డ్యూటీ మిగులుతుందని తక్కువకు రాయించుకుంటారు కదా, ఆ పాపం ఇక్కడ తగులుతుంది.

ఒక ఉదాహరణ. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఎకరం ఇరవై గుంటలు పోతోంది. ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు. గ్రామీణ ప్రాంతానికి రాష్ట్రం పెట్టిన గుణకం 1.25 అనుకుందాం. చట్టంలో అది 1 నుంచి 2 మధ్య ఉంటుంది, పట్టణ పరిధిలో 1.

- భూమి: 20 × 1.5 × 1.25 = 37.5 లక్షలు
- బోరు, చెట్లు: 4 లక్షలు. మొత్తం 41.5
- సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి పోతున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) నూటికి నూరు: మరో 41.5. మొత్తం 83
- మార్కెట్ విలువ 30 లక్షల (20 × 1.5) మీద ఏడాదికి 12 శాతం, నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) దాకా. ఏడాది అనుకుంటే 3.6

మొత్తం 86.6 లక్షలు. మీ అవార్డు కాపీలో ఈ నాలుగు వరుసలూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. ఎక్కువగా తప్పిపోయేవి రెండు: బోరు, చెట్ల మీద సొలేషియం, 12 శాతం. భూమి చీలిపోయినందుకు మిగిలిన ముక్కకు జరిగే నష్టం కూడా చట్టంలో ఉంది. అడగనిదే ఎవరూ రాయరు. పత్రికలో 3జీ ప్రకటన పడగానే ఇవన్నీ క్లెయిముగా రాసి ఇవ్వండి.

8. అవార్డు తక్కువైతే

డబ్బు తీసుకోకుండా కూర్చోనక్కర్లేదు. "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోండి, తర్వాత ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లండి. ఆర్బిట్రేటర్‌ను కేంద్రం నియమిస్తుంది, సాధారణంగా కలెక్టరే ఉంటారు. పెంచితే, పెరిగిన మొత్తం మీద స్వాధీనం చేసుకున్న రోజు నుంచి 9 శాతం వడ్డీ వస్తుంది. ఆ ఉత్తర్వు మీద జిల్లా కోర్టుకు పోవచ్చు కానీ అక్కడ ధర మీద మళ్లీ మొదటి నుంచి వాదన ఉండదు. కాబట్టి దస్తావేజులన్నీ ఆర్బిట్రేటర్ ముందే పెట్టేయాలి.

స్వాధీనం కోసం వచ్చే నోటీసులో 60 రోజుల గడువు ఉంటుంది. అదీ డబ్బు జమ చేశాకే ఇవ్వాలి. చేలో పంట ఉంటే కోతకు టైము రాతపూర్వకంగా అడగండి.

ప్లాటు కొనేవాళ్లకు

"రింగు రోడ్డుకు ఐదు నిమిషాలు" అని బోర్డు పెట్టిన వెంచర్‌కు వెళ్తే ఒక్కటే అడగండి: ఇంటర్‌చేంజ్ ఎక్కడ? రోడ్డు కళ్లముందే కనపడుతున్నా, ఎక్కడానికి పది కిలోమీటర్లు తిరగాల్సి వస్తే ఆ ఐదు నిమిషాలు ఎక్కడివి? హైదరాబాద్ ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు. దాని మీదికి ఎక్కే చోట్లు ఇరవై చిల్లరే.

లేఅవుట్ సర్వే నంబర్లన్నీ అడిగి తీసుకుని, గెజిట్ పట్టికలో ఒక్కొక్కటీ పెట్టి చూడండి. బ్రోషర్‌లో ఒకే నంబరు వేసి, ప్లాట్లు నాలుగు నంబర్లలో అమ్మడం కొత్త కాదు. 3ఏ పడిన నంబరులో "కొనుక్కోండి, పరిహారం మీకే వస్తుంది" అని చెప్పేవాడు దొరికితే, ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడు.